అప్పాయమ్మ సంజాయిషీ

అప్పాయమ్మ మా కాలేజీలో చేరింది 1991 జూలైలో. అంతకు నెల ముందు ఆమె భర్త లోవరాజు పచ్చకామెర్లతో పోయాడు. అతను జువాలజీ ల్యాబులో అటెండరు. ప్రాక్టికల్సుకి కప్పలు తేవడం, ఫార్మలిన్ సీసాలు తుడవడం, మైక్రోస్కోపులు బీరువాలో సర్దడం అతని పని. అవి చెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి యాజమాన్యం అతని భార్యని తీసుకుంది. పర్మనెంటు సంగతి తరవాత చూద్దామన్నారు. ఆ 'తరవాత' కోసం ఆమె పన్నెండేళ్ళు చూసింది.

కాలేజీ పేరు నేను రాయను. కొత్తపేటకి బస్సులో అరగంట దూరమని చెబితే చాలు. అక్కడ నేను టైపిస్టుని. నా పేరు ఏసుదాసు. ఇందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఆ మాట ముందే చెప్పుకోవడం మర్యాద.

అప్పాయమ్మది ఓడలరేవు దగ్గర, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పేట. వేటకి వెళ్ళే కుటుంబం. ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా రాసేది. ఇంగ్లీషు రాదు. ల్యాబులో సీసాల మీద పేర్లన్నీ ఇంగ్లీషే. చేరిన వారంలో ఒక నోటు పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చింది.

"దాసుగారండి, ఈ పేర్లు మీరు చదివి చెబితే పక్కన తెలుగులో రాసుకుంటానండి."

అరవై పేర్లు చెప్పాను. మర్నాటికి ఏ సీసా ఎక్కడుందో లోవరాజు కంటే బాగా తెలిసింది. చదవడం వల్ల కాదు, ఆ ఇంగ్లీషు మాట ఆకారాన్ని బొమ్మలాగా గుర్తు పెట్టుకుంది.

జువాలజీ లెక్చరర్ నారాయణమూర్తిగారు. పొలాలూ తోటలూ ఉన్న ఇంటివాడు. ఎవర్నీ గట్టిగా ఒక మాట అనడం నేను వినలేదు. అటెండర్లని కూడా అమ్మా, బాబూ అనే పిలిచేవారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన్ని మీరు దుర్మార్గుడిగా ఊహించుకుంటే ఈ కథ తేలికైపోతుంది.

1995 వేసవిలో ఆయన హైదరాబాదులో ఒక పరిశోధనశాలకి వెళ్ళి రెండు నెలలుండి వచ్చారు. వచ్చాక డాక్టరేటుకి రిజిస్టరు చేసుకున్నారు. విషయం మృదులాస్థి. ఎముకలు కలిసే చోట వాటి కొసల మీద తెల్లగా, నున్నగా, కొంచెం సాగుతూ ఉండే పొర అది. మోకాలిలో అది అరిగిపోతే మళ్ళీ దానంతట అది పుట్టదు. దాని కణాలని బయట గాజు గిన్నెలో పెంచి కొత్త ముక్క తయారు చెయ్యవచ్చా అని అప్పటికి చాలా దేశాల్లో చూస్తున్నారట. ఆయనా చూస్తానన్నారు. కాలేజీకి గ్రాంటు వచ్చింది, ఇంక్యుబేటరు వచ్చింది. దానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అమలాపురంలో సోడాలు చేసే అతని దగ్గర తెచ్చుకునేవారు.

పని ఇలా ఉండేది. పొద్దున్నే అప్పాయమ్మ మాంసం కొట్టు నుంచి అప్పుడే కోసిన మేక మోకాలి కీలు తెచ్చేది. స్పిరిటుతో కడిగి, దీపం మంట పక్కన సారు ఆ తెల్లపొరని చెక్కు తీసేవారు. ఏదో రసాయనంలో నానబెడితే పొర కరిగి కణాలు విడిపోయేవి. వాటిని ఇరవై నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో దగ్గరదగ్గరగా పోసి, పైన మీడియం పోసేవారు. మీడియం అంటే ఆ కణాల తిండి. గ్లూకోజు, ఉప్పులు, విటమిన్ సి, దూడ రక్తం నుంచి తీసిన సీరం, ఇంకా ఏవేవో కలిపిన నీళ్ళు. గులాబీ రంగులో ఉంటుంది. కణాలు దాన్ని తిని బతికి, తమ చుట్టూ తామే గట్టి పదార్థం కట్టుకుంటాయి. నాలుగైదు వారాలకి గుంట అడుగున అర్ధణా బిళ్ళంత ముక్క తయారవ్వాలి.

గుంటకి ఒక మిల్లీలీటరు, మూడు రోజులకి ఒకసారి మార్చాలి. అది సారు పెట్టిన లెక్క. సీరం హైదరాబాదు నుంచి ఐసులో రావాలి, దారిలో పాడైతే మళ్ళీ నెల ఆగాలి. అందుకని పొదుపు.

ఏడాది తిరక్కుండా మీడియం మార్చే పని అప్పాయమ్మ చేతికి వచ్చేసింది. సారుకి క్లాసులు, పరీక్షల డ్యూటీలు. ఆమె చెయ్యి వణికేది కాదు. సీసా మూతి మంటకి చూపించడం, పిప్పెట్టు గుంట అంచుకి తగలకుండా పాత నీళ్ళు తియ్యడం, కొత్తవి గోడవారగా జారవిడవడం, అన్నీ ఒకసారి చూపిస్తే పట్టేసింది. సారు చేసినప్పుడు నాలుగు ప్లేట్లలో ఒకదానికి బూజు పట్టేది. అప్పాయమ్మ చేసిన వాటికి బూజు పట్టడం నేనెరగను.

1996 నవంబరు ఆరున తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ తారీఖు ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు మెడలు తిప్పేసినట్టు మెలిపడిపోయాయి, కరెంటు మూడు వారాలకి గాని రాలేదు. అప్పాయమ్మ తమ్ముడు అప్పలరాజు ముందురోజే వేటకి వెళ్ళాడు. ఆమె కూతురు సత్యవతిని పక్కింట్లో అప్పజెప్పి పేటకి వెళ్ళింది. పది రోజులు ఒడ్డునే తిరిగిందట. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు.

పదకొండో రోజు పనిలోకి వచ్చింది. నారాయణమూర్తిగారు ల్యాబులో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"తమ్ముడి సంగతి విన్నానమ్మా. చాలా బాధేసింది. ఇక్కడ మన ప్లేట్లన్నీ పోయాయి. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి."

ఆయన ఆ రెండూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో అన్నారు. అప్పాయమ్మ "ఆయ్" అని, కొంగు నడుముకి దోపుకుని, పాడైన ప్లేట్లు కడగడానికి వెళ్ళింది.

మళ్ళీ మొదలైంది 1997లో. ఈసారి ముక్కలు సరిగ్గా కట్టలేదు. వారాలు గడిచినా అడుగున మెత్తటి జిగురులా ఉండేవి, పట్టుకారుతో తీస్తే చిరిగిపోయేవి. సారు సీరం మార్చారు, మేక వయసు మార్చారు, ఇంక్యుబేటరు జరిపించారు. ప్రయోజనం లేదు.

అప్పాయమ్మ గమనించింది వేరే. మీడియం గులాబీ రంగు రెండో రోజు సాయంత్రానికే పసుపు తిరుగుతోంది. కణాలు ఉన్న గ్లూకోజంతా తినేసి పులుపు విడుస్తుంటే అలా రంగు మారుతుంది. సారు ఆ సంగతి ఆమెకి ఎప్పుడో చెప్పారు. ఒకరోజు నేను పరీక్ష పేపరు టైపు చేసిన కాగితాలు చూపించడానికి ల్యాబుకి వెళ్ళాను. ఆయన మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు.

"సారండి," అంది అప్పాయమ్మ, "రెండో రోజుకే పసుపు తిరిగిపోతున్నాయండి. మూడో రోజంతా పస్తేనండి వాటికి. వారం ఆఖర్న మిగిలింది ఎలాగూ పారబొయ్యమంటున్నారు గదండి. దాంతో నేను కొంచెం ముందుగా మార్చి చూస్తానండి."

"ఊఁ, చూడు చూడు" అన్నారు ఆయన, కన్ను తియ్యకుండానే.

ఆ మాట నేను విన్నాను. తరవాత దాని అవసరం చాలా వచ్చింది.

ఆమె ఒక ప్లేటులో పన్నెండు గుంటలకి రోజు విడిచి రోజు మార్చింది, మిగతా పన్నెండింటికి సారు చెప్పినట్టే మూడు రోజులకి. కొన్నిటికి ఒకటిన్నర పోసింది, కొన్నిటికి రెండు. అదంతా ఒక పొడుగు రిజిస్టరులో తెలుగులో రాసుకునేది. ఆ రిజిస్టరు నేను చూశాను. 'మూడో వరస ఆరు గుంటలు. నిన్న సాయంత్రం రెండు పోసేను. ఈ పూట ఇంకా గులాబీ రంగే. అంచు గట్టిగా ఉంది.' ఇంకోచోట, 'విటమిను కలిపి నాలుగు రోజులైన సీసా. ముక్క వదులుగా కట్టింది. తాజాగా కలిపిందే మేలు.' మరోచోట, 'మరీ ఎక్కువ పోస్తే కణాలు ముక్క వదిలి గుంటంతా పాకిపోతున్నాయి. రెండు దాటకూడదు.'

ఐదు వారాలకి ఆమె నన్ను పిలిచి చూపించింది. నాకు తెలిసేదేముంది. రెండు ముక్కలు గాజు పలక మీద పెట్టి పట్టుకారు చేతికిచ్చింది.

"ఇది మూడు రోజులదండి. బొండం లోపల మీగడ కట్టినట్టుందండి, చూడండి, వణుకుతుంది. ఇది రెండో రోజుదండి. కాస్త ముదిరిన కొబ్బరండి ఇది. నొక్కండి, లొంగి మళ్ళీ లేస్తుంది."

నొక్కాను. లేచింది. ఆమె మొహంలో ఆ రోజు కనిపించిన సంతోషం అంతకుముందు గాని ఆ తరవాత గాని నేను చూడలేదు.

అప్పట్నుంచి మిగిలిన మీడియం పారబొయ్యకుండా అన్ని ప్లేట్లకీ అలాగే పెట్టింది. ముక్కలు గట్టిగా రావడం మొదలుపెట్టాయి. నారాయణమూర్తిగారు వాటిని పలచగా కోసి ఎర్ర రంగు అద్ది చూస్తే ముక్కంతా చిక్కగా ఎరుపెక్కింది, అంటే కణాల చుట్టూ గట్టి పదార్థం బాగా కట్టిందన్నమాట. ఆయన పొంగిపోయారు. స్టాఫ్ రూములో పూతరేకులు పంచారు. అప్పాయమ్మకి కూడా రెండు, కాగితంలో చుట్టి ఇచ్చారు. 1998లో పేపరు రాశారు, నేనే టైపు చేశాను. పద్ధతి అన్న చోట ఇలా ఉంది: గుంటకి ఒక మిల్లీలీటరు, మూడు రోజులకి ఒకసారి. ఆ వాక్యం టైపు చేస్తున్నప్పుడు నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. సార్లు రాసుకునేవి మనకెందుకని ముందుకి వెళ్ళిపోయాను.

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పని నేర్చుకున్న చోటివాళ్ళే. పేపరులో చెప్పినట్టు చేస్తే తమకి జిగురు తప్ప ముక్క కట్టడం లేదని, ఆరుసార్లు చూశామని రాశారు. ఆ ఉత్తరం నకలు ఆయన గైడుకి కూడా వెళ్ళింది. గైడు కబురు పెట్టారు: వివరం చెప్పండి, లేదా పేపరు వెనక్కి తీసుకోండి. ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చి ల్యాబు చూస్తారు.

నారాయణమూర్తిగారు అప్పాయమ్మని పిలిచి, మీడియం ఎలా మారుస్తున్నావని మొదటిసారి వివరంగా అడిగారు. ఆమె పరుగున వెళ్ళి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండేళ్ళకి ఎవరో ఒకరు అడిగారని ఆమె సంబరం. ఆయన మధ్యాహ్నం క్లాసులు వదిలేసి ఆ రిజిస్టరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివారు. తరవాత నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"దాసూ, నేను చిక్కులో పడ్డానయ్యా."

చెప్పారు. నిజం రాయవచ్చు: నా అటెండరు ఈ సంగతి కనిపెట్టింది, నేను రెండేళ్ళు చూసుకోలేదు. అలా రాస్తే ఆ రెండేళ్ళు మీరేం చేస్తున్నారని వాళ్ళు అడుగుతారు. డాక్టరేటు అక్కడితో సరి.

"మరి ఏం చేద్దామంటారండి?"

"పొరపాటున ఎక్కువ పెట్టిందని రాద్దాం. పొరపాటు వల్ల ఒక కొత్త విషయం బయటపడిందంటే వాళ్ళూ సంతోషిస్తారు. ఆవిడకేం నష్టం లేదు. నేనున్నాను కదా."

ఆయన చెబుతూ ఉంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. అప్పటికి నన్ను జూనియర్ అసిస్టెంటు చెయ్యమని యాజమాన్యానికి చెప్పింది ఆయనే. ఆ ఉత్తర్వు ఇంకా రావలసి ఉంది. దాన్ని సాకుగా చెప్పడం లేదు. అదీ ఉందని చెబుతున్నాను.

మర్నాడు అప్పాయమ్మ సంతకానికి వచ్చింది. ఆ కాగితాన్ని ఆఫీసు భాషలో సంజాయిషీ అంటారు. ఆమె నా బల్ల ముందు నిలబడింది.

"ఏం రాసేరండి? చదవండి, వింటాను."

చదివాను. "'ప్లేట్లకి మీడియం మార్చే పని నాదే. చెప్పిన మూడు రోజులకంటే ముందుగాను, చెప్పిన కొలత కంటే ఎక్కువగాను నేనే మార్చేను. ఈ రిజిస్టరు నా చేతిరాతే.' ఇంతేనండి."

కాగితంలో ఇంకా ఉంది. నా అజ్ఞానం వల్ల అని ఉంది. పరిశోధకుడి ఆదేశాలని ధిక్కరించి, ఆయనకి తెలియనివ్వకుండా అని ఉంది. ఈ నిర్లక్ష్యానికి క్షమించవలసిందిగా వేడుకుంటున్నాను అని ఉంది. అవన్నీ నేను నోటితో దాటేశాను. నా ఎదురుగా ఆమె రెండు చేతులూ కట్టుకుని, వాక్యం వాక్యానికీ తలాడిస్తోంది.

"ప్రొఫెసర్లు చూస్తారాండి ఇది?"

"ఆయ్, చూస్తారండి."

"నా పేరు ఉంటుందాండి అందులో?"

"కింద మీ పేరేగదండి" అన్నాను.

ఆమె పెన్ను తీసుకుని, బల్ల మీద కాగితం సరిచేసుకుని, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. సిరా ఆరేదాకా ఊదింది కూడా.

ప్రొఫెసర్లు వచ్చారు, చూశారు, నవ్వుకున్నారు. కొబ్బరినీళ్ళు తాగారు. వాళ్ళకి ప్లేట్లు తీసి చూపించింది అప్పాయమ్మే. ఒకాయన ఆమె వైపు చూసి, "ఈమేనా?" అన్నారు ఇంగ్లీషులో. నారాయణమూర్తిగారు అవునన్నట్టు తల ఊపారు. తనని మెచ్చుకున్నారనుకుని ఆమె చేతులు జోడించింది.

ఆ తరవాత రెండేళ్ళు ఆయన ఆ పనినే పద్ధతిగా చేశారు. అర మిల్లీలీటరు, ఒకటి, రెండు, మూడు. రోజూ, రెండు రోజులకి, మూడు రోజులకి. గ్లూకోజు తక్కువ, గ్లూకోజు ఎక్కువ. ప్రతి ప్లేటుకీ మీడియం మార్చింది అప్పాయమ్మ. తేలింది ఆమె రిజిస్టరులో ఉన్నదే. తిండి చాలినంత కాలం కణాలు గట్టి పదార్థం కడతాయి. గ్లూకోజు అయిపోయి పులుపు పెరిగితే ఊరికే బతుకుతాయి గాని ఏమీ కట్టవు. మరీ ఎక్కువైతే ముక్క వదిలి పాకిపోతాయి. థీసిస్‌లో అది నాలుగో అధ్యాయం, అన్నిటికంటే పెద్దది. దాని మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. ల్యాబు అటెండరు చేసిన పొరపాటు వల్ల ఈ విషయం మొదట దృష్టికి వచ్చిందని. పేరు లేదు. ముందు పేజీలో కృతజ్ఞతలు చెప్పిన పధ్నాలుగు మందిలో గైడు ఉన్నారు, యాజమాన్యం ఉంది, నేను ఉన్నాను.

2001లో డాక్టరేటు వచ్చింది. సన్మానం జరిగింది. అప్పాయమ్మ కుర్చీలు తుడిచి, దండలు బకెట్లో నీళ్ళలో పెట్టింది.

2003లో ఒక అటెండరు పోస్టు మంజూరైంది. సర్వీసు ప్రకారం అప్పాయమ్మకే రావాలి. అప్పటికి నేను ఆఫీసులో సీనియర్ని, ఆ ఫైలు పెట్టింది నేనే. ఆమె పేరు మీద ఉన్న కాగితాలన్నీ వరసగా కుట్టాను. సంజాయిషీ కూడా అందులో ఉంది. తీసేస్తే తీసెయ్యవచ్చు. కాని దానికి ఇన్వర్డు నంబరు ఉంది, రేపు ఎవరైనా అడిగితే నా మీదకి వస్తుంది. కుట్టేశాను. కమిటీలో కార్యదర్శిగారు అది చదివి, "ఆర్డర్లు ధిక్కరించిన మనిషి, రాసి కూడా ఇచ్చిందే" అన్నారు. నారాయణమూర్తిగారు ఆ కమిటీలో సభ్యులు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ సంజాయిషీ ఎలా పుట్టిందో ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇద్దరమూ మాట్లాడలేదు. పోస్టు వేరే అతనికి వెళ్ళింది. గ్రాంటు కూడా అయిపోవడంతో ఆ నెలాఖరుకి అప్పాయమ్మని మానిపించారు.

ఎందుకని ఆమె అడిగింది. "పైనించి రాలేదండి" అన్నాను. అందరితో అనే మాటే. ఆమె పన్నెండేళ్ళ నాటి నోటు పుస్తకం, గ్లాసు తుడిచే గుడ్డ రెండూ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. రిజిస్టరు మాత్రం సారు దగ్గరే ఉండిపోయింది.

మూడేళ్ళు గడిచాయి. నారాయణమూర్తిగారు రామచంద్రపురం వైపు ఒక కాలేజీకి ప్రిన్సిపాలుగా వెళ్ళారు. 2006లో మా ఆఫీసుకి ఒక దరఖాస్తు వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద. మా అమ్మని ఏ కారణంతో తీసుకోలేదో ఆ కాగితాల నకళ్ళు ఇవ్వండి అని. కింద సంతకం సత్యవతి. అమలాపురంలో బీయస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తప్పించుకునే దారి లేదు. కమిటీ తీర్మానం, సంజాయిషీ జిరాక్సు తీసి కవరులో పెట్టాను.

తల్లీ కూతురూ కలిసే వచ్చారు. సత్యవతి కవరు అక్కడే చింపి, నిలబడే చదువుకుంది.

"అమ్మా, తప్పు చేసేనని నువ్వు ఒప్పుకున్నావంట. అందుకనే ఇవ్వలేదు."

"తప్పని లేదే అందులో. ముందుగా మార్చేనని ఉంది."

"కాదు. అజ్ఞానం వల్ల చేసేనని ఉంది. సారు చెప్పిన మాట ధిక్కరించి, ఆయనకి తెలియకుండా చేసేనని ఉంది. క్షమించండని వేడుకున్నావు."

అప్పాయమ్మ కాగితం తీసుకుని తన సంతకం చూసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

"మళ్ళీ చదువు. ఒక్కొక్క మాటా చెప్పు."

సత్యవతి ఒక్కొక్క మాటా చెప్పింది. ఆఫీసులో నలుగురున్నారు. టైపు ఆగిపోయింది. అంతా విన్నాక అప్పాయమ్మ నా వైపు తిరిగింది. కోపంగా లేదు ఆమె గొంతు. ఉంటే బాగుండేది.

"ఆ రోజు మీరు చదివినప్పుడు ఈ మాటలు లేవండి."

నేను బల్ల మీద పడిన కవరు చింపులు ఏరి బుట్టలో వేశాను.

"సారుతో నేను చెప్పినప్పుడు మీరక్కడే ఉన్నారు గదండి. చూడు చూడు అన్నారు ఆయన. మీ చేతిలో కాగితాలున్నాయి."

"ఆయ్" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదని గదండీ మీ చేత చదివించుకున్నాను. మొదటి రోజు నుంచీ మీ చేతే గదండీ చదివించుకున్నాను."

సత్యవతి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

రెండు వారాల తరవాత నారాయణమూర్తిగారు నాకు ఫోను చేశారు. "ఆవిడ వచ్చిందయ్యా దాసూ. రిజిస్టరు ఇమ్మంది. యూనివర్సిటీకి పంపానో, ఇల్లు మారినప్పుడు పోయిందో, నాకే గుర్తులేదు. ఆ మాటే చెప్పాను. కాఫీ తెప్పిస్తే ముట్టుకోలేదు." ఆ వెంటనే అన్నారు, "నేను చేసింది తప్పే అనుకో. కాని నిజం రాస్తే మాత్రం ఆవిడకి డాక్టరేటు ఇచ్చేవారా ఏంటి?"

"ఉద్యోగం ఉండేదండి" అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. అంత మాట అనడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. అప్పటికది ఎవరికీ పనికిరాని మాట.

2008లో రిటైరయ్యాక యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. ఆ విషయం కనిపెట్టింది ఎవరో, సంజాయిషీ ఎవరు రాయించారో, ఎవరు టైపు చేశారో, ఎవరు ఎలా చదివి వినిపించారో. అయిదు నెలలకి జవాబు వచ్చింది, రెండే వాక్యాలు. సదరు వ్యవహారం ముగిసినది. సదరు అటెండరు తాను చేసింది పొరపాటేనని స్వయంగా లిఖితపూర్వకంగా అంగీకరించి ఉన్నందున తదుపరి చర్య అవసరం లేదు.

ఆ కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. రాజోలు దాటాక ఒక రొయ్యల షెడ్డులో పని చేస్తోందని తెలిసింది. రొయ్యలు వలిచే పని. రేకుల షెడ్డు ముందు వరసగా నీలం డ్రమ్ములు, లోపల నలభై మంది ఆడవాళ్ళు ఐసులో చేతులు పెట్టి నిలబడి ఉన్నారు. కబురు పెడితే బయటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. వేళ్ళ కొసలు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"బాగున్నారాండి" అంది, దారిన పోయేవాళ్ళని అడిగినట్టు.

సత్యవతి ఏం చేస్తోందని అడిగాను. కాకినాడలో ఒక మందుల కంపెనీలో పరీక్షలు చేసే పని అని చెప్పింది. నేను కవరు తీశాను.

"యూనివర్సిటీకి రాశానండి. నిజమంతా రాశాను. జవాబు వచ్చింది."

"ఏమన్నారండి?"

ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. ఆమె విన్నది. ఐసునీళ్ళ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అవునండి. సంతకం నాదేగదండి" అంది.

క్షమించమని అడగడానికే అంత దూరం వెళ్ళాను. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆ సంజాయిషీలో ఆమె చేత అడిగించిన మాట కూడా అదే. నోట్లోనే ఉండిపోయింది.

"లోపల సరుకు వేడెక్కిపోద్దండి" అని ఆమె వెనక్కి తిరిగింది. నాకు మళ్ళీ రాజోలు బస్సు మూడున్నరకి. షెడ్డు ముందు కూర్చోవడానికి చోటు లేదు, రోడ్డు మీదే నిలబడ్డాను.